వయోలాకు తక్కువైన మాత్ర

ఎల్‌బీ నగర్ చౌరస్తాలో సిగ్నల్ దగ్గర బండి ఆపి ఊరికే తలెత్తితే, స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో అక్క కనిపించింది. పైన 'ప్రభువునందు నిద్రించిన మా అమ్మ జ్ఞాపకార్థ కూడిక' అని ఉంది. కింద హయత్‌నగర్‌లో ఒక చర్చి పేరు, వచ్చే ఆదివారం తేదీ. ఫొటో తీసేటప్పుడు ఎవరో నవ్వమన్నట్టున్నారు, నవ్వబోయి ఆగిపోయిన ముఖం. ఆ ముఖాన్ని నాలుగేళ్ళు పక్క కుర్చీలో చూశాను. అయినా గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. బాగా చిక్కిపోయింది.

గ్రీన్ పడింది. వెనక ఆటో అతను హారన్ కొట్టాడు. నేను కదల్లేదు. "అన్నా, జర నడువు" అంటూ పక్కకొచ్చి, నా ముఖం చూసి, తప్పించుకుని వెళ్ళిపోయాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కళ్ళజోళ్ళ దుకాణం పైన, రెండో అంతస్తులో మా ఆఫీసు ఉండేది. బిల్డింగంతా కోచింగ్ సెంటర్ల బోర్డులు. వాటి మధ్య మాది ఎవరికీ కనిపించేది కాదు, కనిపించినా అర్థమయ్యేది కాదు. విదేశాల్లో సంగీతం రాసేవాళ్ళు చేత్తో రాసిన కాగితాలను స్కాన్ చేసి మాకు పంపేవారు. మేం వాటిని కంప్యూటర్లో ఎక్కించి, వాయించేవాళ్ళు ఎదురుగా పెట్టుకుని చదువుకునేలా అచ్చుకు సిద్ధం చేయాలి. ఏడుగురం పనిచేసేవాళ్ళం. నేను చెకర్ని, అంటే మిగతావాళ్ళు ఎక్కించినదాన్ని అసలు కాగితంతో పోల్చి తప్పులు పట్టేవాణ్ణి.

వచ్చే పనిలో కొంత స్విట్జర్లాండు నుంచి వచ్చేది. అక్కడొక చిన్న ప్రచురణ సంస్థ, ఇప్పుడు బతికి ఉండి రాస్తున్నవాళ్ళ సంగీతం మాత్రమే వేసేది. అదీ పెద్ద వాద్యబృందాలది కాదు. ఇద్దరో ముగ్గురో నలుగురో ఒక గదిలో దగ్గరగా కూర్చుని వాయించేది. ఆ పనంటే మా ఆఫీసులో అందరికీ భయం. పాత సంగీతమైతే చేయి అలవాటుగా పోతుంది. ఇందులో పేజీకో కొత్త గుర్తు. ఇక్కడ విల్లును తీగ మీద కాదు, చెక్క మీద లాగాలి. ఇక్కడ వేణువులోకి ఊదాలి గానీ స్వరం రాకూడదు, గాలి మాత్రమే రావాలి. ఇక్కడ పన్నెండు సెకన్లు ఎవరూ కదలకూడదు. తలా ఒక సాకు చెప్పి తప్పించుకుంటే, చివరికి ఆ కట్టలన్నీ అక్క బల్ల మీదికి చేరేవి.

అక్క వద్దనేది కాదు. ప్రింటు తీసుకున్న మొదటి పేజీ మూలలో పెన్సిలుతో చిన్న సిలువ గీసి, చెప్పులు విప్పి బల్లకింద పెట్టి, మొదలుపెట్టేది.

ఆమెది నల్గొండ దగ్గర పల్లె. వాళ్ళ నాయన మిషన్ స్కూల్లో ప్యూను, ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయించేవాడు. ఆ స్కూల్లో ఎప్పుడో ఉన్న ఒక దొరసాని దగ్గర ఆయన నేర్చుకున్న, ఐదు గీతల మీద రాసే పాశ్చాత్య సంగీతాన్ని కూతురికి నేర్పాడు. అక్షరాలకంటే ముందు పలక మీద ఐదు గీతలు గీయడం వచ్చిందని అక్క అనేది. భర్త కొత్తపేట పండ్ల మార్కెట్లో హమాలీ. ఒక్కతే కూతురు. హయత్‌నగర్ బస్ డిపో వెనక రెండు గదుల కిరాయి ఇల్లు. మామిడిపండ్ల రోజుల్లో ఆమె టిఫిన్ సంచి కూడా మార్కెట్ వాసన వేసేది.

పనిచేస్తున్నంతసేపూ ఆమె ఎడమకాలి బొటనవేలు నేల మీద తాళం వేస్తూ ఉండేది. ఆ వేలు ఆగిందంటే సంగీతంలో విరామం వచ్చిందని అర్థం. విరామమంటే అక్కకు ఖాళీ కాదు. అప్పుడెవరైనా మాట్లాడిస్తే తల తిప్పకుండానే చెయ్యెత్తేది.

"జర ఆగు తమ్మీ. ఈడ మౌనం నడుస్తున్నది."

మొదట్లో అందరం నవ్వేవాళ్ళం. తర్వాత ఆఫీసంతా ఆ మాట వాడటం మొదలుపెట్టింది. మేనేజరు ఎవరినైనా తిడుతుంటే పక్కవాళ్ళు ఒకరితో ఒకరు "మౌనం నడుస్తున్నది" అనుకునేవాళ్ళు. అక్క మాత్రం ఎప్పుడూ దాన్ని హాస్యానికి అనలేదు. "సప్పుడు లేని కాడనే తప్పులు పోతయి తమ్మీ. సప్పుడున్న కాడ ఎవరన్న పట్టుకుంటరు" అని నాకు చెప్పింది. చెకర్‌గా నేను నేర్చుకున్న మొదటి పాఠం అది.

స్వరకర్తలందరికీ ఆమె దగ్గర పేర్లుండేవి. పేజీకి ఆరేడు స్వరాలకంటే ఎక్కువ రాయని ఒకాయన 'పిసినారాయన'. "ఇయ్యాల పిసినారాయన మనసు కరిగింది, తొమ్మిది ఇచ్చిండు" అని సంబరంగా చెప్పేది. గీతలన్నీ నల్లగా నింపేసే ఇంకొకాయన 'లొల్లాయన'. గాయకుల చేత దగ్గించి, గుక్కపట్టించి, పెదాలు చప్పరింపజేసే ఒకామె 'దవాఖాన మేడం'. వాళ్ళను వెక్కిరించేది కాదు. ఇంటిపక్క మనుషుల గురించి చెప్పినట్టు చెప్పేది. ఫలానా శబ్దం ఎలా ఉంటుందో తెలియకపోతే, టిఫిన్ డబ్బా మూత అంచు మీద దువ్వెన పెట్టి రాసి చూసేది. కాగితం నలిపేది. సీసా మూతి దగ్గర ఊదేది. "గిట్లనే ఉంటదంటవా తమ్మీ?" అని అడిగేది. నాకు తెలిసేది కాదు. మాకెవరికీ తెలియదు. ఎందుకంటే మేం అచ్చుకు ఎక్కించేనాటికి ఆ సంగీతాన్ని ప్రపంచంలో ఎవరూ ఇంకా వాయించి ఉండరు. కంప్యూటర్ వాయించి వినిపిస్తుంది గానీ, అందులో విల్లూ ఉండదు, ఊపిరీ ఉండదు. "గది పాటనా? ఫోన్ మోగినట్టుంటది" అని అక్క దాన్ని ఎప్పుడూ పెట్టుకోలేదు.

అయితే ఆమె ఎలా వినేదో ఒకరోజు తెలిసింది. మధ్యాహ్నం ఫోన్ మాట్లాడుకోవడానికి మెట్లమీదికి వెళ్తే, మూడో అంతస్తుకు పోయే మలుపులో అక్క గోడకానుకుని కూర్చుని, చేతిలో కాగితాలు పట్టుకుని సన్నగా పాడుతోంది. పాటలా లేదు. ఒక స్వరం, పెద్ద ఖాళీ, రెండు స్వరాలు, గొంతులోంచి గరగర, మళ్ళీ ఖాళీ. నన్ను చూసి ఆపింది.

"ఏం పాడుతున్నారక్కా?"

"చెల్లో వాయించెటోళ్ళ గీత. నిన్న వయోలా పాడిన. దానికి ముందు రెండు దినాలు వయొలిన్లు. ఇయ్యాలటితోని నాలుగైతయి. ఇగ పొద్దుమీకి ఇంటికి పోయేటప్పుడు బస్సుల కూసొని నాలుగు కలుపుకుంట."

"ఎలా కలుపుతారు?"

"తలకాయల" అని వేలితో కణత చూపించింది. "డిపో కాడ దిగేటాలకు ఒక్కసారన్న మొత్తం వినబడుతది. సీటు దొరికితే ఇంక మంచిగ వినబడుతది."

నేను ఆరేళ్ళు వయొలిన్ నేర్చుకున్నవాణ్ణి. మా నాన్న గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చి వనస్థలిపురంలో ఇల్లు కట్టుకున్నాక, నన్ను సికింద్రాబాద్ పంపించి మరీ నేర్పించాడు. నాకు ఒక్క గీత కూడా వాయిద్యం లేకుండా పాడటం రాదు. ఆ రోజు ఆమె ముందు ఆ సంగతి చెప్పలేదు.

మిగతావాళ్ళకంటే అక్కకు ఎక్కువ ఇష్టమైన మనిషి 'మన ముసలమ్మ'. ఎనభై దాటిన స్వరకర్త, కొండల్లో ఏదో చిన్న ఊళ్ళో ఒంటరిగా ఉండేదట. ప్రచురణ సంస్థ వాళ్ళ సైట్లో చిన్న ఫొటో ఉండేది, ఉన్ని స్వెట్టరు, చేతికర్ర. ఆమె రాత వణికిపోయేది. స్వరాల గుండ్లు గీత మీద ఉన్నాయో గీతల మధ్యలో ఉన్నాయో తెలిసేది కాదు. అక్క ఒక్కతే చదవగలిగేది. "మా నాయన రాత చివరి దినాలల్ల గిట్లనే ఉండె" అనేది.

ముసలమ్మ రాసిన ఒక క్వార్టెట్ వచ్చింది, నాలుగు తీగవాద్యాలకు: రెండు వయొలిన్లు, వాటికంటే కాస్త పెద్దదైన వయోలా, ఇంకా పెద్ద చెల్లో. మూడో భాగంలో ఒక చోట మూడు వాద్యాలకు తాళం లెక్క సరిపోయింది, వయోలాకు ఒక మాత్ర తక్కువైంది. ఇలాంటివి మామూలే. మేనేజరును అడిగితే, "విరామం గుర్తు పెట్టి నింపెయ్యండి, ఇవాళే పంపాలి" అన్నాడు. అక్క పెట్టలేదు. నా దగ్గరికొచ్చి కాగితం పరిచింది.

"తమ్మీ, ఇది మౌనం కాదు. మొదటి వయొలిన్ ఒక మాట అంటది. వయోలా జరసేపటికి అదే మాటను తలకిందులు చేసి అంటది. చూడు, ఏడు జాగాలల్ల అట్లనే అన్నది. ఎనిమిదో జాగల ఎట్ల మర్చిపోతది? ఇగో, గీడ రబ్బరు పెట్టి తుడిచిన నీడ కూడ ఉన్నది. ఆమె రాసింది, తుడిచింది, మళ్ళ రాయాలనుకొని మర్చిపోయింది. ఈడ ఉండవలసింది 'ఈ-ఫ్లాట్' అనే స్వరం."

నాలుగుసార్లు చూశాను. ఆమె చెప్పింది నిజం.

"నువ్వు రాయి తమ్మీ ఆమెకు. నా ఇంగ్లీషు ఆమెకు సమజ్ కాదు."

రాశాను. 'నేను గమనించింది ఏమిటంటే' అని మొదలుపెట్టాను. అది అక్క మాటలకు నా ఇంగ్లీషు మాత్రమే అని నాకు అప్పుడు తెలుసు. మెయిలు కింద నా పేరు దానంతట అదే పడింది.

మూడు రోజులకు జవాబొచ్చింది. ప్రచురణ సంస్థ ముసలమ్మ మాటలను ఇంగ్లీషులో పెట్టి పంపింది. నేను అక్కకు తెలుగులో చదివి వినిపించాను. 'మీరు చెప్పింది నిజం. ఆ స్వరం ఈ-ఫ్లాటే. తుడిచి మర్చిపోయాను. ఇన్ని నెలలుగా నేను చూస్తున్న పేజీలో నాకు కనిపించనిది మీకు ఎలా వినిపించింది? మీరెవరు?'

అక్క కొంగుతో రెండు చేతులూ తుడుచుకుంది, చేతులకు ఏమీ అంటకపోయినా.

"నా పేరు రాయి తమ్మీ. హయత్‌నగర్ అని రాయి. హైదరాబాద్ అంటే మరీ పెద్దగైతది."

ఆ సాయంత్రం నేను రాసిన జవాబులో హైదరాబాద్ అని ఉంది. నా పేరుంది. అక్క పేరు లేదు. ఎందుకు రాయలేదని ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతున్నాను. మొదటి ఉత్తరంలో 'నేను' అని రాశాను కాబట్టి ఇప్పుడు సర్దిచెప్పడం బాగోదని అప్పుడు అనుకున్నాను. అది అబద్ధం. నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. ఆరేళ్ళు వయొలిన్ నేర్చుకున్నా సంగీతం తెలిసినవాళ్ళెవరూ నన్ను 'మీరెవరు' అని అడగలేదు. ఆ ప్రశ్న నాకే వచ్చినట్టు ఒక్కసారి ఉండాలనిపించింది. అంతే.

మర్నాడు పొద్దున్నే చెప్పులు విప్పుతూ అక్క అడిగింది. "రాసినవా?"

"రాశానక్కా."

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. వారానికో బంద్, లేకపోతే రాస్తారోకో. మా బిల్డింగులో కోచింగ్‌కొచ్చే పిల్లలు పుస్తకాలు సంచుల్లో పెట్టేసి మెట్లమీదే నినాదాలు మొదలుపెట్టి రోడ్డెక్కేవాళ్ళు. ఆఫీసులో మేం ఏడుగురం రెండుగా చీలినట్టయ్యాం. ఇదివరకు కలిసి తినే టిఫిన్ డబ్బాలు వేరే వేరే బల్లల మీదికి పోయాయి. అక్క మాత్రం తన జొన్నరొట్టె తుంచి, టమాట తొక్కు పెట్టి, నా బల్ల మీదికి తెచ్చి పెట్టేది.

ఒకరోజు నేను బండి మీద వస్తుంటే ఎల్‌బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు. నడిరోడ్డు మీద రాళ్ళ పొయ్యిలు, పెద్ద గిన్నెలు, చుట్టూ ఆడవాళ్ళు పాడుతున్నారు. ఆ పాటల్లో ఒక గొంతు తక్కినవాళ్ళతో కలవకుండా కొంచెం కిందుగా, పక్కగా నడుస్తోంది. చర్చిలో పాడే రెండో గొంతు. చూస్తే అక్క, చేతిలో గరిటె. నన్ను చూసి గుంపులోంచి బయటికొచ్చింది.

"ఆఫీసుకా? బండి పోనియ్యరు తమ్మీ. తిని పో."

విస్తరాకులో అన్నం, పప్పు పెట్టింది. పక్కనున్నామె నన్ను పైకీ కిందికీ చూసి, "ఎవరీ పిలగాడు?" అంది.

"మా ఆఫీసుల తమ్ముడు. వీళ్ళది గుంటూరు" అని అక్క దాచకుండా చెప్పింది. "పప్పు ఇంక జర ఎయ్యి."

నేను రోడ్డు పక్కన నిలబడి తిన్నాను. ఆమె మళ్ళీ వెళ్ళి పాటలో కలిసింది.

పుస్తకం ఆ తర్వాత కొన్ని నెలలకు వచ్చింది. ముసలమ్మ క్వార్టెట్, నీలం అట్టతో, నా పేరు మీద పోస్టులో. మొదటి పేజీలోనే ముసలమ్మ రాసిన నాలుగు వాక్యాలున్నాయి. చివరి వాక్యంలో, తాను చెరిపేసిన స్వరాన్ని విని తిరిగి ఇచ్చిన హైదరాబాద్ మిత్రుడికి కృతజ్ఞతలని, నా పేరు. ఎవరికీ చూపించకుండా నా సొరుగులో, పాత ప్రింట్ల కింద పెట్టాను. అక్క రెండుమూడుసార్లు అడిగింది, మన ముసలమ్మ పుస్తకం వచ్చిందా అని. రాలేదన్నాను.

తర్వాత పెద్ద సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోయాయి. పనులు గడువు దాటిపోతుంటే, ఆఫీసును చెన్నైకి మార్చేస్తున్నారని మేనేజరు చెప్పాడు. ఆ వారంలో ఒక బంద్ రోజు నేనూ, మేనేజరూ, ఇంకొకతనూ మాత్రమే వచ్చాం. పదకొండు దాటాక అక్క వచ్చింది. చీర అంచులన్నీ దుమ్ము. కూర్చుని సీసాడు నీళ్ళు తాగింది.

నాకు కోపంగా ఉంది. ఉద్యోగం పోతుందన్న కోపం, ఎవరిమీద చూపాలో తెలియని కోపం. "మీవాళ్ళ బంద్‌ల వల్లే ఆఫీసు పోతోందక్కా. అసలేం కావాలి మీకు? పని చేయకుండా రోడ్డు మీద కూర్చుంటే ఏమొస్తుంది?" అన్నాను.

ఆమె నావైపు చూసింది. "నేను హయత్‌నగర్ నుంచి నడిచొచ్చిన తమ్మీ. పనికే ఒచ్చిన" అంది. సీసా మూత బిగిస్తూ, "మాకేం గావాలె? మా కొలువు మాకు, మా పేరు మాకు. గంతే" అంది.

నేను విసురుగా లేచి టీకి వెళ్ళిపోయాను. కింద దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. టీ దొరకలేదు. తిరిగొచ్చేసరికి నా సొరుగు తెరిచి ఉంది. ప్రింట్లు కుట్టుకోవడానికి స్టేప్లర్ నా సొరుగులోనే ఉంటుంది, రోజూ తనే తీసుకుంటుంది. స్టేప్లర్ బల్లమీద ఉంది. అక్క ఒళ్ళో నీలం అట్ట పుస్తకం ఉంది.

మొదటి పేజీ తెరిచి ఉంది. ఆమెకు ఇంగ్లీషు మాట్లాడటం రాదు గానీ, అచ్చులో ఉన్న పేరు చదవడం వచ్చు. నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను. ఆమె పేజీలు తిప్పింది. మూడో భాగంలో వయోలా దగ్గర వేలుపెట్టి చూసింది.

"ఉన్నది" అంది. తర్వాత, "అచ్చు మంచిగొచ్చింది తమ్మీ. పేజీ తిప్పే జాగలు కూడ సక్కగ పెట్టిన్రు."

"అక్కా..."

"ఏం లేదు. ఎండల తిరిగొచ్చినవ్, కూసో."

"మీరు తీసుకెళ్ళండక్కా పుస్తకం."

"వద్దు. నీ పేరున్నది గద. నీ దగ్గర్నే ఉండాలె" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉందేమోనని ఇన్నేళ్ళుగా వెతుకుతున్నాను, దొరకలేదు. పుస్తకాన్ని సొరుగులో పెట్టి మూసి, తన కుర్చీలో కూర్చుని పని మొదలుపెట్టింది. ఆ రోజు సాయంత్రం దాకా ఆమె కాలివేలు కదలడం నేను చూడలేదు.

నెల తిరిగేసరికి ఆఫీసు మూసేశారు. చెన్నైకి ఇద్దర్నే తీసుకెళ్ళారు, అందులో అక్క లేదు, నేనూ లేను. నేను మాదాపూర్‌లో వేరే పనిలో చేరాను. ఆమె హయత్‌నగర్‌లో ఒక చిన్న ప్రైవేటు బడిలో పాటల టీచరుగా చేరిందని విన్నాను.

రాష్ట్రం వచ్చిన రోజు వనస్థలిపురంలో టపాకాయలు మోగుతుంటే, మా అమ్మ తలుపులు వేసి లోపల కూర్చుంది. అప్పుడు ఫోన్ మోగింది.

"తమ్మీ, పరేషాన్ గాకున్రి. మీరు ఏడికి పోయే పని లేదు. ఎవరన్న ఒక్క మాటన్నా నాకు ఫోన్ చెయ్యి. అమ్మకు చెప్పు" అంది అక్క. వెనక డప్పులు వినిపిస్తున్నాయి. ఆమె గొంతు అరిచి అరిచి బొంగురుపోయి ఉంది.

ఆ తర్వాత ప్రతి క్రిస్మస్‌కూ ఆమే ఫోన్ చేసేది. నేనెప్పుడూ ముందు చేయలేదు. ఒకసారి అడిగింది, "మన ముసలమ్మ పాట ఏడనన్న వాయించిన్రా తమ్మీ? ఒక్కసారి వినాలని ఉన్నది." అప్పటికే ఎవరో నలుగురు దాన్ని వాయించి ఇంటర్నెట్‌లో పెట్టారు. నేను చాలాసార్లు విన్నాను. "చూసి పంపిస్తానక్కా" అన్నాను. పంపలేదు. పంపితే ఆ పేజీ గురించి మాట్లాడాల్సి వస్తుందని భయం. తర్వాతి క్రిస్మస్‌కు ఆమె ఫోన్ వచ్చినప్పుడు ఎత్తలేదు. ఆ తర్వాత ఫోన్లు రాలేదు. ఆమె దాన్ని విన్నదో లేదో నాకు తెలియదు. విని ఉండదనే అనుకుంటున్నాను.

ఆదివారం కూడికకు వెళ్ళాను. ఇరుకు సందులో రేకుల చర్చి. చివరి వరసలో కూర్చున్నాను. ప్రార్థనయ్యాక అక్క కూతురు లేచింది. దవాఖానలో నర్సుగా చేస్తుందట, తల్లి పోలికే. కాగితం తెచ్చుకుంది గానీ చూడలేదు.

"మా అమ్మ ఎక్కువ చదువుకోలే. కానీ మా అమ్మ పేరు స్విట్జర్లాండ్ దేశంల పుస్తకంల అచ్చయింది. ఆడ ఒక పెద్ద విద్వాంసురాలు రాసిన పాటల తప్పుంటే, మా అమ్మ ఈడ కూసొని పట్టుకున్నది. ఆమె మా అమ్మకు పుస్తకం మొదటి పేజీల థాంక్స్ చెప్పింది. అమ్మ ఆఫీసుల ఒక తమ్ముడు మా అమ్మ పేరు రాసి పంపిండు. నాకు చదువు మీద మనసు లేనప్పుడల్ల అమ్మ ఈ ముచ్చట చెప్పేది. పేరంటే అట్ల సంపాయించాలె బిడ్డా అనేది."

అందరూ చప్పట్లు కొట్టారు. పాస్టరుగారు ఆ మాటే మళ్ళీ చెప్పి, దేవునికి స్తోత్రం అన్నారు. నేను తల దించుకుని బెంచీ చెక్కను చూస్తూ ఉండిపోయాను.

భోజనాల దగ్గర అక్క భర్త నన్ను గుర్తుపట్టాడు. వెనకటి రోజుల్లో మార్కెట్ నుంచి వస్తూ ఒకటి రెండుసార్లు ఆఫీసు కింద ఆమెకోసం ఆగినప్పుడు చూశాడట. నా చెయ్యి రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

"మీరేనా సారు ఆమె పేరు రాసింది. ఒక్క సాయం జెయ్యిన్రి. ఆ పుస్తకంల పేజీ, ఆమె పేరున్నది, మీ తాన ఉంటే ఇయ్యిన్రి. ఫ్రేము కట్టిచ్చి ఇంట్ల పెట్టుకుంటం."

అంతమందిలో చెప్పలేకపోయాను. "వచ్చి కలుస్తానన్నా" అన్నాను.

మార్కెట్ ఇప్పుడు బాటసింగారానికి మారింది. రెండు రోజుల తర్వాత పొద్దున అక్కడికే వెళ్ళాను. బత్తాయి లారీలు దిగుతున్నాయి. ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ వచ్చి, నా చేతుల వైపు చూశాడు. చేతుల్లో ఏమీ లేదు.

చెప్పాను. మొదటి ఉత్తరం, రెండో ఉత్తరం, పుస్తకం, అన్నీ.

"అంటే ఆమె పేరు లేదా?"

"లేదన్నా."

"ఎవరి పేరున్నది?"

"నాది."

ఆయన ఖాళీ పెట్టె బోర్లించి దానిమీద కూర్చున్నాడు. "ఆమెకు ఎరుకనా?"

"ఎరుకే. నా ముందే చూసింది."

"ఎరుకుండి కూడ బిడ్డకు ఉన్నదనే చెప్పిందా" అన్నాడు, నాతో కాదు. "నాక్కూడ అట్లనే చెప్పింది. ఇన్నేండ్లు."

నేను దిద్దుతానన్నాను. ప్రచురణ సంస్థకు రాస్తానన్నాను, ముసలమ్మ ఇప్పుడు బతికి లేకపోయినా వాళ్ళున్నారు, మళ్ళీ అచ్చువేసినప్పుడు ఆమె పేరు వేయమంటానన్నాను. పేపర్లో రాస్తానన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"వద్దు సారు. మీరిప్పుడు రాస్తే నా బిడ్డకు ఏం తెలుస్తది? వాళ్ళమ్మ ఉత్తదే చెప్పిందని తెలుస్తది. చర్చిల అందరి ముంగట నిలవడి చెప్పుకున్నది ఆ పిల్ల." తువ్వాలుతో మళ్ళీ ముఖం తుడుచుకున్నాడు. "మీరు ఆమె పేరు ఏడ రాయకున్రి. పేజీ దొరకలేదని నేను చెప్పుకుంట."

లారీ దగ్గర నుంచి ఎవరో పిలిచారు. ఆయన లేచి, తువ్వాలు తలకు చుట్టుకుని, బరువు ఎత్తుకోవడానికి వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ అమ్మాయి చదివినా గుర్తుపట్టకుండా ఇందులో ఊరూ, ఇంకొన్ని సంగతులూ మార్చాను. రాయడం మొదలుపెట్టినప్పుడు మొదటి పేరాలో ఆమె అసలు పేరే రాశాను. ఆమె పేరు నా చేతితో రాయడం అదే మొదటిసారి. కాసేపు చూసుకుని, కొట్టేసి, అక్క అని రాశాను.